వాలుకి తెప్ప, ఎదురుకి తాడు

గోదావరి డెల్టాలో కాలవగట్టు మీద పెరిగిన ఒక తరం పిల్లలకి మిసిసిపీ పరాయి నదిలా కనిపించలేదు. నీళ్ళు మట్టిరంగు. వరదొస్తే దుంగలూ గడ్డివాములూ కొట్టుకొస్తాయి. నది నడుమ లంకలున్నాయి, ఆ లంకల్లో మనిషి దూరితే కనపడనంత రెల్లు ఉంది. ఇంట్లోంచి పారిపోదామనుకున్న కుర్రాడికి అంతకు మించిన భూగోళం దేనికి? టామ్ సాయరూ, హకల్‌బెరీ ఫిన్నూ అమెరికా పిల్లలని పుస్తకం చెబుతూనే ఉన్నా, వాళ్ళ ఊరు ఏ బొబ్బర్లంక అవతలో, ఏ పులిదిండి పక్కనో ఉన్నట్టే ఉండేది.

ఆ పుస్తకాల్ని తెలుగు చేసినాయన నండూరి రామమోహనరావు. 1927లో కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పుట్టారు. తర్వాతి రోజుల్లో ఆంధ్రజ్యోతి సంపాదకుడిగా, ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాసిన మనిషిగా పెద్దలకి తెలిశారు గానీ పిల్లలకి అంతకు ముందే తెలుసు. 1950ల ప్రాంతంలో ఆంధ్రపత్రికలో పనిచేస్తూ మార్క్ ట్వేన్ నవలల్ని ఆయన ఒక్కొక్కటే తెలుగులోకి దించారు. స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ని ‘కాంచనద్వీపం’ చేశారు. బొమ్మలు బాపువి. ఆ బాపు 1933లో పుట్టింది గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున నరసాపురంలో. బాపుకి జంట ముళ్ళపూడి వెంకటరమణ 1931లో పుట్టింది ఆనకట్ట పక్కన ధవళేశ్వరంలో. రమణ బుడుగు అల్లరి మొదలైందీ ఆంధ్రపత్రిక వారపత్రికలోనే. అచ్చయ్యేది మద్రాసులో అయినా ఆ పత్రిక సిరాలో గోదారి నీళ్ళు కొన్ని కలిసే ఉన్నాయి.

అంతకు ముందు సాహసకథలు లేవని కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు అటకమీది పెట్టెల్లో అట్టలూడి దొరికేవి. 1947 జులైలో పుట్టిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, చిత్రా బొమ్మలు పిల్లల్ని నెలకోసారి ఏ శిథిలాలయం గుమ్మంలోనో నిలబెట్టి వెళ్ళిపోయేవి. కాకపోతే వాటిలో సాహసం చేసేవాడి చేతిలో ఎప్పుడూ కత్తో, శూలమో, మంత్రదండమో ఉండాల్సిందే. హక్ చేతిలో చేపల గాలం ఉంది. ఒంటిమీద చిరిగిన లాగుంది. బడి ఎగ్గొట్టినవాడు కూడా కథానాయకుడు కావచ్చని చెప్పే పుస్తకం బడిపిల్లల చేతికొస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

వారపత్రిక రాజమండ్రి దాకా, నిడదవోలు దాకా రైల్లో వచ్చేది. అక్కణ్ణించి లోపలి ఊళ్ళకి బస్సు, బస్సు లేని చోట పడవ. కోనసీమకి రైలు లేదు, ఇంకా రాలేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లో పట్టాలు వేశారు గానీ రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో వాటినీ పీకేశారు. మళ్ళీ పడేసరికి 2004 వచ్చింది. అందుకని అక్కడ కాలవలు చాలాకాలం రోడ్ల పని చేశాయి. పొరుగున కృష్ణా డెల్టాలో అయితే పుస్తకాలు పడవ ఎక్కడమే కాదు, పడవే గ్రంథాలయమైంది. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం ప్రయాణికుల పడవల్లో పుస్తకాలు పెట్టించారు. గంటలకొద్దీ కదిలీ కదలని పడవలో కూర్చున్నవాడు చదవక ఏం చేస్తాడు అన్నది ఆయన లెక్క. ఇప్పటి బస్సులో ఆ లెక్క పనిచెయ్యదు.

ఆ గంటల సంగతే అసలు సంగతి.

పడవ వేగం మనిషి నడక వేగం, ఎందుకంటే దాన్ని లాగేది నడిచే మనిషి. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే స్తంభానికి తాడు కట్టి, రెండో కొస భుజాన వేసుకుని, ఇద్దరో ముగ్గురో గట్టు మీద ముందుకు వంగి నడిచేవారు. వెనక చుక్కాని దగ్గర ఒకడు. ఒడ్డుకి ఒరుసుకోకుండా గెడ వేసేవాడు ఒకడు. ఎదురుగా ఇంకో పడవ వస్తే ఒకరి తాడు నీళ్ళలోకి వదలాలి, రెండో పడవ దానిమీంచి జారిపోవాలి. వంతెన వస్తే స్తంభం దించాలి. రాత్రిపూట పడవ ముందు వేలాడే లాంతరు వెలుగు నీళ్ళ మీద పాకుతూ వస్తుంటే గట్టున పడుకున్న కుక్కలు లేచి మొరిగేవి. పగలైతే పిల్లలు తాడు కింద నుంచి దూరే ఆట ఆడేవారు. “ఒరేయ్, గట్టు దిగండ్రా, తాడు తగుల్తాది!” అన్న కేక ఆ ఆటలో భాగం. కేక వేసినవాడు తల ఎత్తి చూసేవాడు కాదు. తల ఎత్తితే భుజం మీద బరువు మారుతుంది.

లోపల ప్రయాణికులు చాపలు పరుచుకుని కూర్చునేవారు. పెళ్ళివారు, పుష్కరాలకి వెళ్ళేవారు, పుట్టింటికి పురిటికి పోయే ఆడపడుచులు. పక్కనే ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పుగాకు కట్టలు, కిరసనాయిలు డబ్బాలు. ఒక మూల కట్టెల పొయ్యి. పడవవాళ్ళ కూర వాసన మాత్రం పడవంతా సమానంగా పంచుకునేవారు. కంచాలు ఎవరివి వాళ్ళవే, కూర్చునే చోటూ ఎవరిది వాళ్ళదే. ఎవరు ముందు వైపు, ఎవరు అటు చివర అన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు, ఊళ్ళో ఉన్న వరసే నీళ్ళమీదికీ వచ్చేది.

పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైంది లాకుల దగ్గర ఆగడం. లొల్ల లాకులు, విజ్జేశ్వరం లాకులు, బొబ్బర్లంక, ధవళేశ్వరం: ఆ ఊళ్ళ పేర్లు వింటేనే నీళ్ళ చప్పుడు వినిపించేది. కాలవలో పై మట్టానికీ కింది మట్టానికీ నడుమ రాతి గోడల తొట్టి, రెండు చివర్లా పెద్ద తలుపులు. కిందినుంచి వచ్చిన పడవ తొట్టిలోకి దూరుతుంది, వెనక తలుపులు మూస్తారు, పై తలుపులకున్న తూములెత్తి నీళ్ళు వదులుతారు. బావిలో చేద తేలినట్టు బస్తాలతో, పొయ్యితో, ముసలమ్మల గొణుగుడుతో సహా పడవ మెల్లగా పైకి లేస్తుంది. కాసేపటి క్రితం తలెత్తి చూసిన, లాకు తలుపులు తీసే లస్కరు కాళ్ళు ఇప్పుడు ఎదురుగా ఉంటాయి. రెండు మట్టాలూ సమానమయ్యాక పై తలుపులు తోస్తే చాలు, పడవ కదిలిపోతుంది. ఇంజను లేదు, ఆవిరి లేదు. నీళ్ళే నీళ్ళని ఎత్తాయి. బళ్ళో ఫిజిక్సు మేష్టారు ఎంత మొత్తుకున్నా ఎక్కని పాఠం లాకు గోడ మీద కూర్చుంటే ఊరికే ఎక్కేసేది.

ఏటా వేసవిలో కాలవలు కట్టేసేవారు. నీళ్ళు లేని కాలవలో పడవలు ఒరిగి, పొట్టలు బయటపడి, ఎండలో పడుండేవి. పలకల సందుల్లో కొబ్బరిపీచు దట్టించి తారు పూసేది అప్పుడే. ఆ ఒరిగిన పడవలే పిల్లలకి ఓడలు. ‘కాంచనద్వీపం’ చదివినవాడు సముద్రపు దొంగ, ‘టామ్ సాయర్’ చదివినవాడు కూడా సముద్రపు దొంగే. ఏదీ చదవనివాణ్ణి బందీ చేసి స్తంభానికి కట్టేసేవారు. జూన్‌లో కాలవ వదిలారన్న కబురు నీళ్ళకంటే ముందు పిల్లల నోట ఊళ్ళోకి వచ్చేది.

ఆ పిల్లలు ఇప్పుడు డెబ్బై దాటినవారు. హైదరాబాదులోనో, అమెరికాలో కొడుకు దగ్గరో, కంటి ఆపరేషను తర్వాత పెద్దక్షరాల పుస్తకం కోసం వెతికేవారు. వాళ్ళు ‘హకల్‌బెరీ ఫిన్’ మళ్ళీ తెరిస్తే అందులో వాళ్ళకి గుర్తున్న నవల దొరకదు.

ముందుగా తేదీ. ఈ నవల 1884 చివర ఇంగ్లండులో, 1885లో అమెరికాలో వచ్చింది. ఇది నలభై యాభై ఏళ్ళ కిందటి కథ అని ట్వేన్ పుస్తకం మొదట్లోనే చెప్పేశాడు. చిన్నప్పుడు ఎవరు చూస్తారు ఆ ముక్క? అంటే ఆ తెప్ప, ఆ నది, ఆ ఊరు రాసేనాటికే పోయినవి. ట్వేన్ అసలు పేరు శామ్ క్లెమెన్స్, 1835లో పుట్టాడు, మిసిసిపీ ఒడ్డున హానిబాల్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. 1847లో అతనికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అదే ఏడు ఇక్కడ ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఆ ఏళ్ళలో శామ్ అచ్చుకూటంలో అక్షరాలు పేర్చే కుర్రాడు. తర్వాత ఆవిరి ఓడలు నడిపే పైలట్ అయ్యాడు, 1859లో లైసెన్సు వచ్చింది. కలం పేరు కూడా నది ఇచ్చిందే. లోతు కొలిచేవాడు ‘మార్క్ ట్వేన్’ అని అరిచాడంటే రెండు బారల లోతుంది, ఓడకి భయం లేదని అర్థం. గోదావరి పడవవాడు అదే లోతు గెడ ముంచి చూసుకునేవాడు. 1882లో ట్వేన్ మళ్ళీ ఆ నది చూడ్డానికి వెళ్ళేసరికి రైళ్ళు వచ్చి ఓడల వ్యాపారం కుప్పకూలి ఉంది. చదివినవారి నది ఏమవబోతోందో రాసినాయన తన నదిలో ముందే చూసేశాడు.

తర్వాత నది వాలు.

పిల్లవాడికి గుర్తుండేది ఇంతే: తాగుబోతు తండ్రి నుంచి తప్పించుకున్న హక్, యజమానురాలి నుంచి తప్పించుకున్న బానిస జిమ్ ఒక లంకలో కలుస్తారు. జూన్ వరదకి కొట్టుకొచ్చిన తెప్ప ఒకటి దొరుకుతుంది, పన్నెండడుగుల వెడల్పు, పదిహేను పదహారు అడుగుల పొడవు. పగలు దాక్కుని రాత్రి ప్రయాణం. నక్షత్రాలు, చేపలు, లాంతరు. తెడ్డు వెయ్యక్కర్లేదు, నదే తీసుకుపోతుంది. వేసవి సెలవుల్లాంటి బతుకు.

పెద్దయ్యాక అదే కథ మ్యాపు పక్కన పెట్టుకుని చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. మిసిసిపీ వాలు దక్షిణానికి. దక్షిణంలో బానిసల సంత న్యూ ఆర్లియన్స్. జిమ్ పారిపోయిందే, తనని ఎనిమిది వందల డాలర్లకి ఆ దిగువకి అమ్మేస్తారని విని. అంటే హక్‌కి విడుదలనిచ్చే వాలు జిమ్‌కి సంతకి పోయే దారి. దారిలో కైరో అనే ఊరి దగ్గర ఒహాయో నది కలుస్తుంది. అక్కడ దిగి ఆ నదికి ఎదురెక్కితే స్వేచ్ఛ. మంచులో ఆ ఊరు దాటిపోయింది. తర్వాత తెప్ప ఎంత హాయిగా సాగితే జిమ్ అంత ఊబిలోకి పోతున్నట్టు. ఇక్కడి దాకా వచ్చిన ట్వేన్‌కి కూడా కలం ఆగిపోయింది. 1876లో మొదలుపెట్టి పక్కన పడేసిన ఆ కథ ముగియడానికి 1883 దాకా పట్టింది. పదేళ్ళ పాఠకుడు మాత్రం ఆ మంచులో ఏ ఊరు తప్పిపోయిందో పట్టించుకోకుండా పేజీ తిప్పేశాడు. తప్పు వాడిది కాదు. వాడి చుట్టూ ఉన్న నదిలోనూ వాలుకి పోయేది కనిపించినంతగా ఎదురు వచ్చేది కనిపించలేదు.

పాపికొండల మీదుగా వెదురు తెప్పలు, కలప తెప్పలు రాజమండ్రికి దిగేవి. గట్టు మీద నిలబడి చూస్తే ఎంత తమాషా! తెప్ప మీదే పొయ్యి, తెప్ప మీదే నిద్ర. కానీ తెప్ప తిరిగి వెళ్ళదు. రేవులో విప్పి, లెక్కబెట్టి, అమ్మేస్తారు. రాజమండ్రి కాగితం మిల్లుకీ వెదురే కావాలి. తెప్ప తెచ్చిన మనుషులు మాత్రం తిరిగి కొండల్లోకి వెళ్ళాలి, అది ఎదురు. కాలవలోనూ అంతే. ధవళేశ్వరం నుంచి కాకినాడకి దిగేటప్పుడు నీళ్ళు కాస్త సాయం చేస్తాయి, తిరుగు ప్రయాణంలో భుజమే. సాహస నవలలు దాదాపు అన్నీ వాలుకే నడుస్తాయి. ఎదురెక్కే దారిలో కథ ఉండదు, కూలి ఉంటుంది.

గోదావరికీ ఆ బానిసల నదికీ ఇంకో చుట్టరికం ఉంది, ఏ పిల్లల పుస్తకంలోనూ లేనిది. కాటన్‌కి రైళ్ళంటే పడదు. కాలవల్లో సరుకు రవాణా అంతకన్నా చౌక అని జీవితాంతం వాదించాడు. డెల్టా కాలవలకి లాకులు కట్టించిందీ అందుకే: నీళ్ళు పొలానికీ, పడవకీ. అంతటితో ఆగక, ధవళేశ్వరం నుంచి పైకి, దుమ్ముగూడెం రాళ్ళ మీదుగా, నాగపూరు దేశం దాకా గోదావరిని ఓడల దారి చెయ్యాలన్న ప్రణాళిక మొదలైంది. 1861లో అమెరికాలో బానిసత్వం మీద అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి మాంచెస్టర్ మిల్లులకి ఆగిపోయింది. అప్పుడు ఆ మిల్లుల వాళ్ళ కళ్ళు బేరారు పత్తి మీద, దాన్ని సముద్రానికి దించే గోదావరి మీద పడ్డాయి. యుద్ధం అయిపోయింది, జిమ్ లాంటివాళ్ళకి కాగితం మీద విడుదల వచ్చింది, పత్తి మళ్ళీ అట్లాంటిక్ దాటింది. రైలు నాగపూరు చేరింది. ఎగువ గోదావరి ఓడల పథకాన్ని 1871లో మానేశారు. దుమ్ముగూడెం దగ్గర ఆనాటి ఆనకట్టా, లాకూ మిగిలాయి. మిసిసిపీ లోయలో బానిసలు పండించిన పత్తి ధర భద్రాచలం పక్కన రాళ్ళు పగలగొట్టించిందన్న సంగతి హక్ చదివిన కుర్రాళ్ళలో ఎవరికి తట్టి ఉంటుంది?

మూడోది, పెద్దవాళ్ళకి మింగుడుపడని ఆఖరి అధ్యాయాలు. జిమ్‌ని ఒక పొలంలో బంధిస్తారు. టామ్ సాయర్ ఊడిపడతాడు. తలుపు తీసి విడిపించడం వాడికి నచ్చదు. తను చదివిన సాహస నవలల్లో ఖైదీలు అలా బయటపడరు కదా! సొరంగం తవ్వాలి, గదిలోకి పాములు వదలాలి, రక్తంతో చొక్కామీద రాయాలి. జిమ్ ఆ అవస్థలన్నీ పడతాడు. చివర్లో తేలేదేమిటంటే జిమ్ యజమానురాలు రెండు నెలల క్రితమే చనిపోతూ వాడికి విడుదల రాసింది. ఆ సంగతి టామ్‌కి మొదట్నుంచీ తెలుసు. చిన్నప్పుడు ఆ అధ్యాయాలకే పొట్ట పట్టుకుని నవ్వుతారు. అరవై ఏళ్ళ తర్వాత నవ్వు రాదు. పడవ కప్పు మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ, “తొందరగా లాగండి మావా” అని అరిచింది ఎవరో గుర్తొస్తుంది. ఆ తరం పాఠకులు తమని హక్ అనుకుని చదివారు. వాళ్ళు టామ్.

హక్ ఊళ్ళోనే ఉన్నాడు. గేదెల్ని కాలవలో దింపి, వాటి వీపు మీద కూర్చుని, గట్టు మీద బడికెళ్ళే పిల్లల్ని చూసేవాడు. తండ్రి ఏడాది పాలేరు, అప్పు తీరక కొడుకుని కూడా పసుల కాపరిగా పెట్టాడు. ఈత, చేపలు, మామిడితోటల దారులు, వరద నీటిలో దుంగ పట్టే ఒడుపు అన్నీ వాడికే తెలుసు. అరుగుమీది పిల్లలకి ఆ విద్యలన్నీ నేర్పింది వాడే. “వాడితో తిరక్కు” అని ఇంట్లో చెప్పేవారు. టామ్ వాళ్ళ ఊళ్ళో తల్లులు హక్ గురించి చెప్పిందీ అదే. ఒక్కటే తేడా: ఇక్కడి హక్‌కి చదువు రాదు, వాడి కథ అచ్చయిన పుస్తకం వాడి గేదె పక్కనుంచి, ఎవడి సంచీలోనో, రోజూ బడికి వెళ్ళొచ్చేది.

మరి లాగేవాడు? నవలలో జిమ్ మాటలు కూడా హక్ నోట వినాల్సిందే. అమెరికాలో ఈ పుస్తకం మీద పోట్లాట 1885 నుంచీ ఉంది. ఆ ఏడే కాన్‌కార్డ్ ఊరి గ్రంథాలయం దాన్ని బయట పెట్టేసింది, అప్పుడు కారణం హక్ మోటుతనం. తర్వాతి కాలంలో కారణం మారింది: నల్లవాళ్ళని అవమానించే మాట అందులో రెండు వందలసార్లకి పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణ ఆ మాట తీసేసి ‘బానిస’ అని పెడితే, చరిత్రకి సున్నం కొట్టారని గోల. ఇంతకన్నా మంచి జవాబు 2024లో వచ్చింది. పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి రచయిత అదే కథని జిమ్ నోట చెప్పించి ‘జేమ్స్’ రాశాడు. మరుసటేడు దానికి పులిట్జర్ వచ్చింది. అందులో జిమ్ చదువుకున్నవాడు. తెల్లవాళ్ళ ముందు మాత్రం రానట్టు నటిస్తాడు. తల ఎత్తకుండా తాడు లాగినవాడి తలలో ఏముండేదో, తాడు కింద దూరి ఆడుకున్నవాళ్ళు ఇన్నేళ్ళకి ఊహించబోతే ఎక్కడో అక్కడ ఆగిపోక తప్పదు.

ఇలా అన్నంత మాత్రాన చిన్నప్పటి చదువు దండగ కాదు. నది మీద తేలే రాత్రుల్ని ట్వేన్ రాసిన తీరు ఇప్పటికీ అంతే బాగుంది. జిమ్‌ని పట్టిస్తూ రాసిన ఉత్తరాన్ని, అలా చింపితే నరకానికి పోతానని నమ్ముతూనే, హక్ చింపేసే ఘట్టం పదేళ్ళప్పటికన్నా డెబ్బైలో ఎక్కువ బాగుంటుంది. ఊరంతా పాపమన్నదాన్ని ఒక కుర్రాడు తెలిసి చెయ్యడమంటే ఏమిటో అప్పటికి కొంత చూసి ఉంటారు కనక. కోనసీమ పడవలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలిసినవాడికి ఇంకా బాగా తెలుస్తుంది.

పడవలు ఒక్కరోజున పోలేదు. లారీలొచ్చాయి. గట్టు మీద మట్టిబాట రోడ్డయింది. రోడ్డు పక్కన ఇళ్ళు లేచాయి. ఇప్పుడు పడవ వచ్చినా తాడు లాగేందుకు నడిచే దారే లేదు. కొత్తగా కట్టిన వంతెనలకి కింద పడవ పట్టేంత ఎత్తు ఉంచలేదు. మిగతాది గుర్రపుడెక్క చూసుకుంది. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య 1974లో రోడ్డు–రైలు వంతెన పడ్డాక రేవులో లాంచీల సందడి తగ్గింది. అంతకు ముందు ఏడాదే బాపు రమణలు ‘అందాల రాముడు’ తీసి, రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా ఒక పడవ ప్రయాణాన్ని సినిమాలో దాచేశారు. ఇప్పుడు ఆ ప్రయాణం చేద్దామన్నా ఆ నది లేదు. పోలవరం కడుతుండగానే దేవీపట్నం వైపు ఊళ్ళు నీళ్ళలో మునిగాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలవల్ని కలిపి నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. గోదావరి కాలవలకి బిరుదు వచ్చింది, సరుకు పడవ మాత్రం రాలేదు. లొల్ల లాకుల దగ్గర సెలవురోజుల్లో కార్లు ఆగుతాయి. నీళ్ళు దూకే చోట నిలబడి ఫొటోలు దిగుతారు. పెద్దవాళ్ళెవరైనా ఆ తొట్టి ఎలా పనిచేసేదో చేతులతో చూపించబోతే పిల్లలు మర్యాదకి రెండు నిమిషాలు వింటారు.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య మాత్రం పంటు ఇంకా తిరుగుతోంది. వసిష్ఠ అక్కడ వెడల్పు, సముద్రం దగ్గర, నీళ్ళకి పోటూ పాటూ ఉంటాయి. పంటు ఒడ్డుకి ఆనగానే మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు, కొబ్బరికాయలతో ఒక లారీ మెల్లగా ఎక్కుతాయి. డ్రైవరు ఇంజను ఆపి, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టించి, దిగి, బీడీ వెలిగించుకుని కమ్మీ పట్టుకుని నిలబడతాడు. పడవల పొట్టకొట్టిన లారీ పడవెక్కి కూర్చుంది. పంటు వాలుకీ పోదు, ఎదురుకీ పోదు, అడ్డంగా పోతుంది. అయినా సరంగు ముక్కుని కొంచెం ఎగువకే పట్టి నడుపుతాడు, లేకపోతే నీళ్ళు దిగువకి లాక్కుపోతాయి, రేవు తప్పిపోతుంది.